అరువు ఊపిరి

కార్ఖానా మెట్లు సగం ఎక్కి ఆగి, తెగని చెప్పును సరిచేసుకుంటున్నట్టు వంగాడు మిక్సింగు మేస్త్రి. వెనక వచ్చేవాళ్లంతా దాటిపోయేదాకా వంగే ఉన్నాడు. తనకు తెలియకుండా ఈ మెట్లకు ఎవరో ఇంకో రెండు కలిపారని ఏడాదిగా అతని అనుమానం. ఒకరోజు ఆ మాట నోరుజారి పైకి అనేశాడు కూడా. అప్పటికే అనుమానప్పక్షి అని పేరున్నవాడు, ఆ రోజునుంచి అందరికీ ఉత్త పక్షి అయిపోయాడు.

అంట్లు తోమే పొడి తయారయ్యే ఆ కార్ఖానాలో అతను అనుమానించనిది లేదు. యాజమాన్యం రోజూ ఇచ్చే గ్లాసుడు పాలు వాసన చూస్తేగానీ తాగడు. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మతలబు ఉంటుందిగా! ముక్కుకి కట్టుకోమన్న గుడ్డ వల్లే ఆయాసం వస్తోందని దాన్ని తీసి జేబులో కుక్కేవాడు. దగ్గుకి బస్సు పొగ, వంటింటి ఘాటు, భార్య కొన్న కొత్త దిండు, అన్నిటినీ బోనెక్కించాడు. ఎక్కించనిదల్లా తాను రోజూ రాతిపిండీ సోడా కలిపి జల్లించే ఆ తెల్లటి పొడినే. నలుగురి ఇళ్లలో గిన్నెలు తళతళలాడించేది, అది మనిషినేం చేస్తుంది పాపం!

ఆ రోజు ఊపిరి పరీక్ష. ఏడాదికోసారి గేటు పక్కన వ్యాను ఆగుతుంది, లోపల డాక్టరమ్మ గొట్టం ఇచ్చి ఊదమంటుంది. ఊదలేనివాడికి మర్నాటినుంచి పని ఉండదని అందరికీ తెలుసు. పొడి పట్టిన మొహాలన్నీ ఒక్కలాగే ఉంటాయి గనక, టోకెను ఎవరు పట్టుకొస్తే వాడే ఆ మనిషి. పక్షి టోకెను రెండేళ్లుగా అతని బావమరిది పట్టుకెళ్తున్నాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. మీసాలు రాగానే పక్షే తీసుకొచ్చి ప్యాకింగులో పెట్టించాడు. తలుపంత ఛాతీ వాడిది. వాడు ఈల వేస్తే రోడ్డు మీద బస్సు ఆగేది.

ఈసారీ వాడే వెళ్లి ఊది వచ్చాడు. భోజనాల వేళకు సూపర్‌వైజరు పక్షిని పిలిచి, నీ ఊపిరి బాగా దెబ్బతిందట, రేపటినుంచి రాకు అన్నాడు. మేస్త్రి పని నీ బావమరిదికే ఇస్తాంలే అని ఓదార్చాడు కూడా.

పక్షికి ఒళ్లు మండిపోయింది. అదీ సంగతి! తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నమాట. కావాలనే నీరసంగా ఊది వచ్చాడు. మొన్న ఇంటికొచ్చి వంటింట్లో అక్కతో గుసగుసలాడటం, తాను వెళ్లగానే ఇద్దరూ నోళ్లు మూసుకోవడం, అంతా ఇప్పుడు బోధపడింది. పాముకు పాలు పోసి పెంచానని తనను తానే తిట్టుకుంటూ ప్యాకింగు గదికి వెళ్లాడు.

బావమరిది గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. బావను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"బాగానే ఊదాను బావా. ఆవిడే మళ్లీ మళ్లీ ఊదించింది. మిషను పాడైందేమో."

అబద్ధమాడేవాడు కళ్లు దించుకుంటాడని పక్షి లెక్క. వీడు దించుకోలేదు. అయినా నమ్మకం కుదరక, టీ స్టవ్వు దగ్గరి అగ్గిపెట్టె తెచ్చి, పుల్ల గీసి వాడి మొహానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు.

"ఊదు."

బావ సంగతి తెలిసినవాడు కదా, నవ్వి ఊదాడు. మంట వంగి లేచింది. మళ్లీ ఊదాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మంట కాస్త వణికి, పుల్ల పొడుగునా పాకి పక్షి వేలు కాల్చింది.

పక్షి పుల్లను కింద పడేశాడు. ఇందులో నటనేం లేదు. తాను అరువు తెచ్చుకున్న ఊపిరి కూడా అయిపోయింది. గదంతా మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కిటికీ ఊచల మీద, మంచినీళ్ల కుండ మూత మీద, వాడి కనురెప్పల మీద తెల్లటి పొడి. నువ్వా, అనుకున్నాడు ఆ పొడిని చూసి.

"ఎన్నాళ్లయిందిరా?"

"పోయిన చలికాలం నుంచి ఈల రావట్లేదు బావా. అక్కకి చెప్పాను. నువ్వు ఇంకేదో అనుకుంటావని నీకు చెప్పొద్దంది."

తన టోకెనుకు భయం లేదని, మధ్యాహ్నం తనకు బదులు వాచ్‌మన్ ఊదుతానన్నాడని కూడా చెప్పాడు. మేస్త్రి పని తనకు వస్తే అక్కకు ఇబ్బందుండదట.

ఊరుకుంటే సరిపోయేది. వాచ్‌మన్ ఊదుతాడు, వీడు మేస్త్రి అవుతాడు, రెండిళ్లూ గడుస్తాయి. ఆ పొడిలో వీడు ఎన్నాళ్లు బతుకుతాడన్నదే తేలదు. పక్షి వాడి రెక్క పట్టుకుని లేవదీశాడు. వ్యాను దాకా ఇద్దరూ ఆగి ఆగి నడిచారు.

"అమ్మా, పొద్దున నా పేరున ఊదింది వీడు. ఆ పాడైన ఊపిరి వీడిది. ముందు వీణ్ణి చూడండి."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మరి నీదెలా ఉందని అడిగితే, వీడిదే నయమమ్మా అన్నాడు. ఇద్దరూ ఇక ఆ పొడి జోలికి పోకూడదని, రేపే పెద్దాసుపత్రికి రావాలని గట్టిగా చెప్పిందామె. సూపర్‌వైజరు మోసగాళ్లని తిట్టి, బట్టలు కూడా మార్చుకోనివ్వకుండా గేటు దాటించాడు.

బయటికి రాగానే బావమరిది ఏడ్చేశాడు. అక్కకి ఏం చెబుతామన్నాడు.

"జరిగింది చెబుదాం. నమ్ముతుందిలే. అనుమానం జబ్బు నాకేగా, దానికి లేదు," అన్నాడు పక్షి. బస్సు వచ్చింది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఎక్కారు.

ప్యాకింగు బల్ల మీద, బావమరిది సగం నింపి వదిలేసిన డబ్బా మూత లేకుండా ఉంది. ఫ్యాను గాలికి అందులోంచి సన్నగా పొడి లేస్తోంది.