వెన్నుగీత

ఉషారాణికి బడిలో డ్రాయింగు టీచరు ఉద్యోగం వచ్చింది. ధనరాజుకు భువనేశ్వర్ ఉత్సవంలో పులివేషం కట్టమని పిలుపు వచ్చింది. ఈ రెండింటికీ కలిపి అంకులిలోని మా పులివేషాల బృందం ఆదివారం మధ్యాహ్నం భోజనాలు పెట్టుకుంది.

అంతకుముందు ఏడాది మాకు మంచిది కాదు. తుపానుకు షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. ఉషారాణి తండ్రి, వేషాలకు రంగులు వేసే మసేనుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. మా ఆవిడ వసుధ పోయింది. ఆ రోజుల్లో మసేను భార్య జగ్గమ్మ నా గుమ్మంలో చేపల పులుసు గిన్నె పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేది. ఆ అడగకపోవడమే నాకు చాలా మేలు చేసింది.

ఆదివారం ఉదయం టీ తాగుతూ మసేను నన్ను పక్కకు పిలిచాడు. గ్లాసు పట్టుకున్న కుడి మణికట్టును మోకాలి మీద ఆనించుకున్నాడు. గ్లాసు తొణకలేదు.

"మాస్టారూ, ఇయేల అందరి ముందర ధనరాజుకి ఎన్నుగీత నానే గీస్తాను. రాకపోతే కుంచె మా ఉషకిచ్చేస్తాను. మరి ముట్టను. భువనేశ్వర్ కూడా రాను."

"ఒక్క గీతకి అంత మాటెందుకు?"

"ఆ గీత లేకపోతే పులేటి, మాస్టారూ?"

పులివేషంలో ఒళ్ళంతా పసుపురంగు పూశాక మొదట పడే నల్లగీత అది. మెడ నుంచి నడుము దాకా ఒకే ఊపులో దిగాలి. వేషగాడు గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టాలి. మధ్యలో పులి కదిలితే తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాలి. అది మసేను పెట్టిన కట్టుబాటు. ఒకసారి ధనరాజు దగ్గినందుకు మేనల్లుడని కూడా చూడకుండా తుడిచేశాడు.

మధ్యాహ్నం ధనరాజు వీపు పసుపుగా ఆరింది. డప్పులు ఆగాయి. మసేను కుంచె ముంచి గీయడం మొదలుపెట్టాడు. భుజాలు దాటేదాకా గీత బాగానే దిగింది. ఆ తర్వాత చెయ్యి వణికింది. గీత వంకర్లు తిరిగింది.

"పులనుకున్నాం, నాగుపామేటి?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నోర్ముయ్యి. నీకు అన్నం ఒడ్డించీదాన్ని నానే," అంది జగ్గమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఉషారాణి నూనెగుడ్డతో వీపు తుడిచి, తండ్రి ముఖం చూడకుండా మళ్ళీ పసుపు అద్దింది. అది ఆరేదాకా మసేను చేతిని ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. నాకు ఉదయం తొణకని గ్లాసు గుర్తొచ్చింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాని వెనక అంచు అతని చేతికి అందేలా పెట్టాను.

"ఆనించుకో."

"ఆనిస్తే గీత కిందకెలా దిగుద్ది?" అన్నాడు. అయినా అలసిపోయాడేమో, ఆనించాడు.

కుంచె మెడ మీద నిలిచింది. చెయ్యి వణకలేదు. కానీ కదిపితే వణుకుతుందని మసేనుకు తెలుసు, మాకూ తెలుసు. కుంచె కొసన రంగు బొట్టుకట్టింది. ధనరాజు ఊపిరి బిగబట్టే ఉన్నాడు. మసేను కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ధనరాజు తొడలు బిగుసుకోవడం చూశాను. అతను లేస్తున్నాడు. లేస్తున్నట్టే తెలియనంత మెల్లగా. కుంచె ఉన్నచోటే ఉంది. దాని కింద వీపు పైకి జరుగుతోంది. నల్లగీత తాడు కట్టి దించినట్టు నడుము దాకా వచ్చింది.

ధనరాజు ఊపిరి వదిలాడు. మసేను కళ్ళు తెరిచి గీతను పైనుంచి కిందిదాకా చూశాడు. కూతురి చేతిలోంచి నూనెగుడ్డ తీసుకున్నాడు.

"కదిలావేటి?"

ధనరాజు వెనక్కి తిరగలేదు.

"నిన్నే. కదిలావా, నేదా?"

"కదిలాను మావా. తుడిసెయ్."

ఉషారాణి ఏదో అనబోయింది. జగ్గమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. గుడ్డ వీపు దగ్గరికి వెళ్ళింది. నడుము దగ్గర కారిన చుక్కను మాత్రం అద్ది, మసేను ఆ గుడ్డను భుజాన వేసుకున్నాడు. కుంచె ముంచాడు. మణికట్టు మళ్ళీ కుర్చీ మీద ఆనించాడు.

"ఇంక అడ్డసారలు. మెల్లగా పక్కకి తిరుగు. నాను సెప్పినకాడ ఆగాల. భువనేశ్వర్లో సొంత తెలివి సూపించావంటే అక్కడే కడిగీగల్ను."

ధనరాజు తిరిగాడు. కుర్చీ కాస్త ఊగింది. ఉషారాణి తన చేతిలోని పసుపు కుంచెను డబ్బాలో పడేసి వచ్చి, కుర్చీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.