నూటికి రెండు

సుడి చూపకుండా ఎద్దును అంటగట్టేవాడంటే పోచయ్యకు ఒళ్లు మంట. పశువుల అంగట్లో ముప్పై ఏళ్లుగా దళారి ఆయన. తువ్వాల కింద చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కి ధర మాట్లాడతాడు. అయితే అంతకంటే ముందు ఎద్దును చుట్టూ తిప్పి చూపిస్తాడు. నుదుటి మీద సుడి, మూపు మీద సుడి, వెంట్రుకల్లో దాక్కుని ఎవరి కంటా పడని తొడ వెనక సుడి, అన్నీ వేలు పెట్టి చూపిస్తాడు. అవి కలిసొస్తాయో కొంప ముంచుతాయో కొనేవాడు తేల్చుకోవాలి. ఆ తర్వాతే చేతులు కలపడం. అమ్మినవాడి దగ్గర యాభై, కొన్నవాడి దగ్గర యాభై, నలుగురి ముందూ తీసుకుని తువ్వాల దులిపి భుజాన వేసుకుంటాడు. ఆ ఎద్దు మరుసటేడు బంగారం పండించినా, చచ్చినా, పోచయ్యకు ఇంకో పైసా రాదు. ఆయన అడగడు.

అలాంటి మనిషి 1999 జనవరిలో ఒక సోమవారం పొద్దున మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో, నాలుగో అంతస్తులో, ఏసీ చలికి అదే తువ్వాలను తలకు చుట్టుకుని కూర్చున్నాడు.

కొండాపూర్‌లో రోడ్డు వెడల్పులో ఆయన భూమి పోయింది. దానికి వచ్చిన నాలుగు లక్షలనూ ఏడాది కిందట ఈ కంపెనీవాళ్ల చేతిలో పెట్టాడు. మనుషుల డబ్బు తీసుకుని షేర్లు కొనీ అమ్మీ పెంచుతామనే కంపెనీ అది. ఇప్పుడు శంకర్‌పల్లి దిక్కు రెండెకరాల నల్లరేగడి దొరికింది. నాలుగు లక్షల ఇరవై వేలకు బేరం. యాభై వేలు బయానా ఇచ్చాడు. మిగిలిన మూడు లక్షల డెబ్బై వేలు శుక్రవారం మధ్యాహ్నం లోపు కట్టకపోతే బయానా మునిగినట్టే, భూమి పోయినట్టే. ఎకరానికి పదివేలు ఎక్కువ ఇస్తానని ఇంకొకడు అప్పుడే గట్టు మీద నిలబడి ఉన్నాడు. అందుకే పోయిన వారమే వచ్చి, నా పైసలు తీసిపెట్టమని చెప్పిపోయాడు. ఈ రోజు చెక్కు ఇస్తామన్నారు.

పోచయ్యకు దిగులేమీ లేదు. లెక్క నోటికి వచ్చు. నెలకు నూటికి రెండు. నాలుగు లక్షలకు నెలకు ఎనిమిది వేలు, ఏడాదికి తొంభై ఆరు వేలు. భూమి పోను బోరు వేయించుకోవచ్చు, దుక్కికి ఒక జత కొనుక్కోవచ్చు. ఆ జత ఎవరి కొట్టంలో ఉందో కూడా చూసి పెట్టుకున్నాడు.

బల్లకు అవతల శివశంకర్ కూర్చున్నాడు. కర్నూలు దిక్కువాడు. ముప్పై దాటలేదు. మెడకు టై. ఏడాది కిందట మోటారు సైకిలు మీద కొండాపూర్‌కు వచ్చి, పరిహారం అందినవాళ్ల ఇళ్లన్నీ తిరిగి, పోచయ్య మంచం మీద కూర్చుని రెండు గ్లాసుల మజ్జిగ తాగినవాడు ఇతనే. కంప్యూటరు మీద ఏదో కొట్టి, మిషన్లోంచి వచ్చిన కాగితం చింపి బల్ల మీద పెట్టాడు.

"మూడు లక్షల డెబ్బై రెండు వేలు ఉండాది పెద్దాయనా. రెండేండ్లు నిండకముందే తీస్తాండావు కదా, దాంట్లో నూటికి ఐదు పోతాది. చేతికి మూడు లక్షల యాభై మూడు వేల నాలుగు వందలు."

పోచయ్య నవ్వాడు. "వేరేటోళ్ల కాయితం తీసినట్టున్నవ్ సారూ. జర మంచిగ చూడు. నా పేరు పోచయ్య. నాది నాలుగు లక్షల తొంభై ఆరు వేలు."

"అదెట్లప్పా?"

"ఎట్లేంది? నూటికి రెండు అని నువ్వే అంటివి కద."

శివశంకర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నూటికి రెండు మేము నీకిచ్చేది కాదు పెద్దాయనా. నువ్వు మాకిచ్చేది. మా ఫీజు."

పోచయ్యకు మొదట అర్థం కాలేదు. ఊళ్లో నూటికి రెండంటే రెండు రూపాయల వడ్డీ. డబ్బు తీసుకున్నవాడు ఇచ్చినవాడికి కట్టేది. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ మాటకు ఇంకో అర్థం ఆయన వినలేదు. నా డబ్బు నీ దగ్గర పెట్టి, పెట్టినందుకు నేనే నీకు కట్టడమేమిటి?

"నాలుగు లక్షలు నీకిచ్చి, మీదికెళ్లి నేనే కట్టాలె?"

"మేనేజ్ చేస్తాం కదప్పా, ఊరికేనా! చూడు, చేరేటప్పుడు నూటికి రెండు, ఎనిమిది వేలు. సంవత్సరానికి నూటికి రెండు, ఇంకో ఎనిమిది వేలు. మార్చిలో నీ షేర్లు అరవై వేలు పెరిగినాయి. పెరిగినదాంట్లో ఐదో వంతు మాది. పన్నెండు వేలు."

"అరవై వేలు పెరిగినయా? మరి అవి ఏవి?"

"మళ్లా పడిపోయినాయి. కొన్న ధరకే వచ్చి నిలబడినాయి."

"మరి మీ పన్నెండు వేలు? అవి గూడ పడ్డయా?"

"అవి అప్పుడే తీసుకునేసినాం కదా!" పిల్లవాడికి ఎక్కాలు చెప్పినంత ఓపికగా అన్నాడు శివశంకర్.

పోచయ్య దాన్ని అంగటి లెక్కలోకి మార్చి చూసుకున్నాడు. ఎద్దు కొన్న ధరకే ఉంది. కానీ కొట్టంలోకి తోలినందుకు ఎనిమిది వేలు. గుంజకు కట్టి ఉంచినందుకు ఎనిమిది. నడుమ ఒకనాడు కడుపునిండా నీళ్లు తాగి బలిసినట్టు కనపడిందని పన్నెండు. ఇప్పుడు పలుపు విప్పమంటే పద్దెనిమిది వేల ఆరు వందలు. అంగట్లో ఎంత నికృష్టపు దళారిని చూసినా, చిక్కిపోయిన ఎద్దు దగ్గర బలుపు మీద వాటా తీసుకున్నవాణ్ణి మాత్రం చూడలేదు.

"గిదంత నాకు ఎప్పుడు జెప్పినవ్?"

శివశంకర్ సొరుగులోంచి ఒక పుస్తకమంత కాగితాల కట్ట తీసి, తొమ్మిదో పేజీ తిప్పి, వేలు పెట్టాడు. చీమల బారులాంటి ఇంగ్లీషు. కింద పోచయ్య సంతకం. అక్షరాలు వంకరగా, పెద్దవిగా, తన చేత్తో తానే పెట్టినవి.

"సుడి ఈడ దాసినవా?" అన్నాడు పోచయ్య.

"ఏమంటివి?"

"ఏం లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు మంచం మీద కూర్చుని శివశంకర్ "నూటికి రెండు పెద్దాయనా, అంతే" అన్నప్పుడు తాను "నెలకా?" అని అడిగాడు. శివశంకర్ గ్లాసు నోటి దగ్గర ఆగింది. ఒక్క లిప్త. తర్వాత "అంతా సంవత్సరం లెక్కనే" అని మజ్జిగ తాగాడు. నెలనెలా కాక ఏడాదికోసారి లెక్కగట్టి ఇస్తారు కాబోలనుకుని, "మంచిదాయె, రెండు రూపాయల వడ్డీ పడ్డట్టే" అని తాను పైకే అన్నాడు. శివశంకర్ మూతి తుడుచుకుని, "నీ మజ్జిగ బాగుండాది" అన్నాడు.

ఆ ఆగడం పోచయ్య చూశాడు. ఎదుటివాడి వేలు వణికితేనే ధర పసిగట్టే మనిషి చూడకుండా ఎలా ఉంటాడు? నెలకు రెండు ఇవ్వాలంటే కుర్రాడికి బరువుగా ఉంది కాబోలు, ఎక్కడ మాట వెనక్కి తీసుకుంటాడో అని తానే తొందరపడి సంతకం చేశాడు. ఎదుటివాణ్ణి ముంచుతున్నానని లోలోపల మురిసినవాడు తానే. అది తలుచుకుంటే శివశంకర్ మీద కంటే తన మీద ఎక్కువ అసహ్యం వేసింది.

అంతలో తలుపు తోసుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో ఫైలు. శివశంకర్ లేచి నిలబడి, "రండి సార్, రండి భీమేశ్వరరావు గారూ" అని కుర్చీ లాగాడు. రాజమండ్రి దిక్కు మనిషి, కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరై మియాపూర్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడని ఆ పలకరింపుల్లోనే తెలిసింది. ఫైల్లో ఉన్నది పింఛనుతో పాటు వచ్చిన ఆరు లక్షలు.

భీమేశ్వరరావు మంచినీళ్లు తాగుతుండగా శివశంకర్ పోచయ్య చెవి దగ్గరకు వంగాడు. "పెద్దాయనా, ఆ నూటికి ఐదు నేను కొట్టేయిస్తా. పూర్తిగా మూడు లక్షల డెబ్బై రెండు వేలు ఇప్పిస్తా. సారు అడిగితే, బాగుందని ఒక్క మాట చెప్పు. నువ్వు ఇంగ నోరు తెరవాల్సిన పనిగూడా లేదు. తలూపితే సాలు."

మూడు లక్షల డెబ్బై రెండు. భూమికి మూడు లక్షల డెబ్బై. బోరు పోయింది, ఎద్దులు పోయాయి, అయినా భూమి మిగులుతుంది. ఒక్క తల ఊపు. ఊపకపోతే పదహారు వేల ఆరు వందలు తక్కువ. ఇంట్లో బంగారం బయానాకే పోయింది. నాలుగు రోజుల్లో ఎక్కడి నుంచి తెస్తాడు?

"ఎలా ఉందండీ ఇక్కడ?" భీమేశ్వరరావు ఆయన వైపు తిరిగాడు. "మీరు పాత కస్టమరులా ఉన్నారు. డబ్బు బాగా చూస్తున్నారాండీ?"

శివశంకర్ నవ్వుతూ చూస్తున్నాడు. పోచయ్య మెడ నిజంగానే కొంచెం కదిలింది. సగం ఊపు. ఆ సగం దగ్గర ఆయన నోట్లోకి పుల్లటి నీళ్లు ఊరాయి. నా తలను గూడ కిరాయికి అడుగుతున్నడు వీడు, అనుకున్నాడు. కిరాయి గూడ నా పైసల నుంచే.

తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి భీమేశ్వరరావు చేతి మీద కప్పి, దాని కింద ఆ చెయ్యి పట్టుకున్నాడు. అలవాటు. రెండు వేళ్లు నొక్కాడు. మళ్లీ రెండు. మళ్లీ ఐదు. అవతలి మనిషి కళ్లు పెద్దవయ్యాయి.

"ఏవిటండీ ఇది?"

ఈ భాష ఈయనకు రాదని పోచయ్యకు అప్పుడు తట్టింది. నోటితోనే చెప్పాడు. "సారూ, సంతకం పెట్టక ముందుగాల తొమ్మిదో పేజీ సదువుండ్రి. లోపటికి పోంగ నూటికి రెండు కోస్తరు, ఏడాదికి రెండు కోస్తరు, బయటికి ఎల్లంగ ఐదు కోస్తరు. నడుమ పెరిగితె పంచుకుంటరు, పడితె అంత నీదే అంటరు. నాలుగు లక్షలు ఇస్తె నాకు మూడున్నర వస్తున్నయి. సుడి చూపిస్తున్న, గంతే. తర్వాత మీ ఇష్టం."

భీమేశ్వరరావు చెయ్యి లాక్కున్నాడు. జేబులోంచి రుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. పెద్ద తొందరేమీ లేకుండా, శుభ్రంగా, గోళ్ల సందులతో సహా.

"ఎవరండీ ఈయన?" అని శివశంకర్‌ను అడిగాడు.

"పశువుల బ్రోకర్ సార్."

"అదీ సంగతి. ఇలాంటి చోట ఫీజు ఉంటుందని నాకు తెలీదాండీ? ముప్పై నాలుగేళ్లు ఆఫీసు ఫైళ్లు చూసినవాణ్ణి. మంచి కంపెనీ అన్నాక తీసుకోదూ? తీసుకోకపోతేనే అనుమానించాలి." జేబులోంచి ఒక పెన్ను తీశాడు. "సంతకం ఎక్కడండీ?"

శివశంకర్ కాగితాల కట్ట ఆయన ముందు పెట్టాడు. తొమ్మిదో పేజీ దానంతటదే తిరిగిపోయింది. భీమేశ్వరరావు చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది.

పోచయ్య చెక్కు మీద మూడు లక్షల యాభై మూడు వేల నాలుగు వందలే పడింది. శివశంకర్‌కు కోపం కూడా రాలేదు. "నీకు నువ్వే నష్టం చేసుకున్నావు గదప్పా" అని జాలిపడి, తలుపు దాకా వచ్చి సాగనంపాడు. ఆ జాలి పోచయ్య వీపుకు జిడ్డులా అంటుకుంది.

ఉమ్మాలనిపించింది. గదిలో నేల అద్దంలా మెరుస్తోంది. లిఫ్టులో అద్దం. కింద వరండాలో పూల కుండీలు. నోరు బిగబట్టుకుని గేటు దాటి, రోడ్డు అవతల ఉన్న కంకర కుప్ప దగ్గరకు వెళ్లి ఉమ్మాడు. మళ్లీ ఉమ్మాడు. నోట్లో రుచి పోలేదు. అక్కడి నుంచి నడుచుకుంటూ, తన భూమి మీద పరిచిన తారు మీదుగానే కొండాపూర్ చేరాడు.

సాయంత్రం ఊళ్లో కిరాణా దుకాణం ముందు ఆగాడు. దుకాణం నడిపే రామచంద్రం సేటు అప్పులు కూడా ఇస్తాడు. గీచి గీచి వసూలు చేస్తాడని ఊరంతా తిట్టుకునే మనిషి.

"పదిహేడు వేలు కావాలె సేటూ. శుక్రవారం లోపు."

సేటు త్రాసులో పప్పు పోస్తూనే అన్నాడు. "ఇస్త. బర్రెను కుదువ పెట్టాలె. నూటికి మూడు."

"నెలకా, ఏడాదికా?"

"నెలకే. ఎప్పటి నుంచి అడుగుతున్నవ్ గిట్ల?"

"నడుమ ఇంకేమన్న కోస్తవా?"

"ఏం కోస్త? మూడంటే మూడే."

పోచయ్య తువ్వాల దులిపి చేతి మీద వేసుకుని, ముందుకు వంగాడు.

"ఇంకొకటి జెప్పు సేటూ. ఎవలు ఎవలికియ్యాలె?"

త్రాసు పట్టుకున్న సేటు చెయ్యి ఆగిపోయింది. "పొద్దు గూకకముందే తాగినవా ఏంది?"

"తాగలే," అన్నాడు పోచయ్య. "అడిగి పెట్టుకుంటున్న."