పీరు భుజాన ఉన్నంతసేపు

"నొప్పా?" అని అడిగితే చాలు, వలి బాషాకు ఎక్కడలేని కోపం వచ్చేది. జమ్మలమడుగులో దూది ఏకి పరుపులు కుట్టే మనిషి అతను. వేలు తెగినా, పన్ను కదిలినా, బండెద్దు కాలు తొక్కినా "ఏం ల్యాదు పోండి" అనడమే తప్ప వేరే మాట ఎరగడు. అలాంటి మనిషికి పుట్టిన, తల్లి లేని ఒక్కగానొక్క కూతురు మస్తానమ్మ, ఊళ్ళో ఆస్పత్రిలోనే నర్సు చదువుకు చేరింది. పొద్దస్తమానం కనపడినవాళ్ళనల్లా "యాడ నొప్పి? ఎట్లుండాది?" అని అడగడమే ఆమె పని అయింది. ఇంటికొచ్చి తండ్రిని అదే ప్రశ్న అడిగితే మాత్రం కసురే జవాబు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, మొహర్రం నెల. పీర్ల పండుగకు సెలవడిగి ఇంటికొచ్చిన మస్తానమ్మ మొదటిరోజే ఒకటి గమనించింది. తండ్రి దూది ఏకుతూ ఏకుతూ మధ్యలో ఆపుతున్నాడు. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు వీధిలోకి చూస్తున్నాడు. కాసేపాగి మళ్ళీ దూదేకే వింటి నారి మీటుతున్నాడు. పీర్లచావిడి మెట్లెక్కేటప్పుడూ అంతే. సగంలో నిలబడిపోయి, వదులు కాని తలగుడ్డను విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఆస్పత్రిలో పెద్ద సిస్టరమ్మ గుండె పాఠం చెప్పిన రోజు మస్తానమ్మకు గుర్తొచ్చింది. "గుండె కూడా ఒక కండే. ఒళ్ళంతటికీ నెత్తురు తోస్తుంది. దానికే నెత్తురు చాలకపోతే నొప్పి పుడుతుంది. నడిస్తే వచ్చి, నిలబడితే తగ్గే నొప్పిని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు" అని చెప్పి, చివర్లో ఇంకో మాట అన్నదామె. "జ్వరానికి గాజుపుల్ల ఉంది. నొప్పిని కొలవడానికి ఏమీ లేదు. రోగి చెప్పిందే మనకు కొలత."

రోగి చెప్పకపోతే ఏం చెయ్యాలో ఆ పాఠంలో లేదు.

"నాయనా, రొమ్ములో ఏమన్నా పట్టినట్టుంటాండాదా?"

"ల్యాదు."

"ఎడమచెయ్యి లాగుతాండాదా?"

"ప్రొద్దుటూరు శెట్టి ఇంటికి పరుపులు మోసినా. లాగక పాట పాడుతాదా?"

ఇంట్లో కర్పూరతైలం వాసన వస్తోంది. పక్కింటి గులాబ్‌బీని అడిగితే చెప్పింది, నెలరోజులుగా వీపుకు తైలం రాయించుకుంటున్నాడనీ, వాము కషాయం కాయించుకుని తాగుతున్నాడనీ. "గాలి పట్టిందంటాడు మీ నాయన" అంది. మస్తానమ్మ ఆ తైలాన్ని తప్పుపట్టలేదు. రుద్దితే ఒళ్ళు తేలికవుతుంది, మనసు కుదుటపడుతుంది. వార్డులో ఆమె కూడా ముసలివాళ్ళ వీపులు రుద్దేది. కానీ లోపల గుండె నెత్తురు చాలక అల్లాడుతుంటే, పైన తైలం రాసి సరిపెట్టుకుంటే మనిషి దక్కడు.

ఆమె భయమంతా పదో రోజు గురించి. ఆ రోజు పీర్లు చావిడి నుంచి పెన్నేటికి పోతాయి. అన్నిటికన్నా పెద్ద పీరును ఎత్తే వంతు తాత కాలం నుంచీ వాళ్ళ ఇంటిదే. పొడుగాటి కర్ర, పైన లోహపు హస్తం, దానికి భక్తులు కట్టిన దట్టీ గుడ్డలు, పూలు, ఊదు పొగ. వట్టి బరువే అయితే ఫరవాలేదు. దారిలో పీరు మనిషి మీదికి వస్తుంది. వచ్చినప్పుడు ఒళ్ళంతా చెమటలు పడతాయి, ఊపిరి ఎగదన్నుతుంది, కాళ్ళు తూలతాయి, కళ్ళు తేలిపోతాయి. జనం తప్పెట్లు ఇంకా జోరుగా వాయిస్తారు. ఇవే గుర్తులు మస్తానమ్మ వార్డులో మంచం పక్కన నిలబడి చూసింది. పదో రోజు నాయనకు గుండెనొప్పి వస్తే ఊరంతా పీరే వచ్చిందనుకుని మొక్కుతుంది. పడిపోయేదాకా ఎవరూ ఆపరు.

"ఈ ఏడు వేరేవాళ్ళకు ఇయ్యి నాయనా" అని బతిమాలింది.

"నేను సచ్చినాక ఇస్తా" అన్నాడు వలి బాషా.

ఇక పీర్లచావిడిని చూసుకునే ముజావరు ఫకీర్ సాహెబ్ దగ్గరికి పోయింది. ఆయన నెమలీకల కట్టతో పిల్లలకు దిష్టి తీస్తూ, ఈమె మాట సగంలోనే తుంచేశాడు. "రోగముంటే మీ నాయన నాకు చెప్పడా? పీరు ఎత్తేటోడు అబద్ధమాడడమ్మీ. ఆడితే వంశం నిలవదు."

"ఆ కట్టుబాటు పీరు భుజాన ఉన్నంతసేపే గదా సాహెబ్? ఇంట్లో నాకాడ నిక్షేపంగా ఆడతాండాడే!"

ఫకీర్ సాహెబ్ గడ్డం ఊగేలా నవ్వాడు. నర్సు చదువు చదివితే నోరు పెరుగుతుందని పక్కవాళ్ళకు చెప్పాడు. మస్తానమ్మకు నవ్వు రాలేదు.

పదో రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. తప్పెట్లు మోగాయి. "హసేన్! హుసేన్!" అని జనం గొంతెత్తారు. వలి బాషా స్నానం చేసి, ఉపవాసంతో, ఒట్టికాళ్ళతో పెద్ద పీరును భుజానికెత్తాడు. మస్తానమ్మ ఆడవాళ్ళ గుంపులో పక్కపక్కనే నడుస్తూ తండ్రి ముఖం మీంచి చూపు తిప్పలేదు. పీర్లు చూడ్డానికొచ్చి నాయన్ను చూస్తాందేందని గులాబ్‌బీ వేళాకోళమాడింది.

బజారు దాటేదాకా బాగానే ఉన్నాడు. ఏటి దారి మలుపులో ఆగాడు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చెమట ధారలు కట్టింది. ఒక్క అడుగు పక్కకు తూలాడు.

"వచ్చినాడు! సామి వచ్చినాడు!"

జనం ఒక్కసారిగా మీదికి తోసుకొచ్చారు. తప్పెట్ల మోత రెండింతలయింది. ఎవరో పసిబిడ్డను ఆయన కాళ్ళ ముందు పడుకోబెట్టారు. ఎవరో ఊదు పొగ ముఖానికి పట్టారు. వలి బాషా ఎడమచెయ్యి మస్తానమ్మకు కనపడింది. పీరును పట్టుకోవడం మానేసి, తొడ మీద గుడ్డను పిడికిట్లో నలుపుతోంది.

పీరు మీదికొచ్చినవాడికి అడ్డం పోకూడదు. ఎదురుగా నిలబడే హక్కు పీరును కోరిక అడిగేవాళ్ళకే. మస్తానమ్మ జనాన్ని మోచేతులతో పొడుచుకుంటూ పోయి, సరిగ్గా కోరిక అడిగేవాళ్ళ చోట నిలబడింది.

"నేనూ అడగల్ల!" అని అరిచింది.

ఫకీర్ సాహెబ్ చెయ్యెత్తాడు. "పక్కకు పో అమ్మీ! ఏందిది?"

"భుజాన పీరు ఉండాది సాహెబ్. నేను అడిగినదానికి ఆయన్నే చెప్పనీ." అని తండ్రి వైపు తిరిగింది. ఇక్కడ కూడా "ల్యాదు" అంటే ఆమెకు ఇంక దారి లేదు. "నాయనా, నీమీదికి వచ్చింది పీరా, నొప్పా?"

దగ్గరున్న తప్పెట ఆగింది. వెనక ఉన్నవి కూడా తడబడి ఆగాయి. వలి బాషా కూతుర్ని చూశాడు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది, ఇంతమందిలో పరువు తీశావన్న కోపమూ ఉంది. తలెత్తి పీరును చూశాడు.

"నొప్పి" అన్నాడు. "పట్టుకోండప్పా. పీరు పడిపోతాది."

బట్టలంగడి ఆదినారాయణ మొక్కుబడి కోసం పదిరోజులుగా ఉపవాసమున్న మనిషి. ఒక్క ఉరుకున వచ్చి పీరును తన భుజానికి తీసుకున్నాడు. వలి బాషా కూతురి చేతుల్లోకి ఒరిగిపోయాడు. గుంపులోంచి ఎవరో ఆస్పత్రికి పోవడానికి ఎద్దులబండి తోలుకొచ్చారు.

బండి మీద పడుకోబెట్టనివ్వలేదు మస్తానమ్మ. వెనక తాను కూర్చుని, తండ్రిని తన రొమ్ముకు ఆనించుకుని కూర్చోబెట్టింది. దారిపొడుగునా ఆమె వేళ్ళు ఆయన మణికట్టు మీదే ఉన్నాయి. నాడి పరుగెత్తుతూ, మధ్యమధ్య తప్పిపోతూ ఉంటే ఆమె ప్రాణం కూడా తప్పిపోతున్నట్టే ఉంది.

డాక్టరు చూసి వెంటనే మార్ఫియా సూది వేశాడు. సాయంత్రం వార్డు విడిచి పోతూ మస్తానమ్మకు గట్టిగా చెప్పాడు. "నొప్పి మిగిలి ఉంటే ఇంకో సూది వెయ్యాలి. నొప్పి ఉన్నకొద్దీ గుండె అలిసిపోతుంది. లేకపోతే మాత్రం వేయొద్దు, ఊపిరి మందగిస్తుంది. అడిగి తెలుసుకుని సిస్టరుకు చెప్పు."

అడిగి తెలుసుకోవాలట! ఆ మనిషినా!

"నాయనా, నొప్పి తగ్గిందా?"

"ల్యాదు నొప్పి. ఏం ల్యాదు. నువ్వు పోయి అన్నం తిను."

నుదుట చెమట ఉంది. దవడ బిగుసుకుని ఉంది. ఆ చెమట నొప్పిదా, ఎండదెబ్బదా, సిగ్గుదా? ఊపిరి లెక్కపెట్టింది, బాగానే ఉంది. పెద్ద సిస్టరమ్మ సూది సిద్ధం చేసి "ఏమన్నాడు?" అని అడిగింది. "ల్యాదంటాడు సిస్టరమ్మా. నాకు నమ్మకం ల్యాదు" అంది మస్తానమ్మ.

అప్పుడొచ్చాడు ఫకీర్ సాహెబ్, ఏటి నీళ్ళకు తడిసిన పంచెతోనే. పీర్లను ఏటికి తీసుకుపోయి నేరుగా ఇటే వచ్చాడు. చేతిలో పెద్ద పీరు నుంచి విప్పిన ఆకుపచ్చ దట్టీ ఉంది. వార్డులోకి రావచ్చో లేదో తెలియక గుమ్మం దగ్గరే నిలబడి, "దువా చేసి దీన్ని కప్పిపోతానమ్మా, అంతే" అన్నాడు మెల్లగా. పొద్దున చెయ్యెత్తిన మనిషి ఇప్పుడు మస్తానమ్మ ముఖంలోకి చూడలేకపోతున్నాడు. పెద్ద సిస్టరమ్మ ఒక క్షణం ఆలోచించి, రమ్మని తల ఊపింది.

ఆయన చదవాల్సింది చదివి, దట్టీని మంచం మీద పెట్టాడు. మస్తానమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. మడత విప్పి తండ్రి కుడిభుజం మీద, పొద్దున పీరు ఆనిన చోటే, పరిచింది.

"ఇప్పుడు చెప్పు నాయనా."

వలి బాషా దట్టీ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "దొంగముండా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎన్నడూ చూడని నీళ్ళు ఆయన కళ్ళలో తిరిగాయి.

"ఉండాదమ్మీ. శానా ఉండాది. రొమ్ము మీద తిరగలి పెట్టినట్టుండాది."

సిస్టరమ్మ సూది వేసింది. మస్తానమ్మ మంచం పక్కన కూర్చుని, తన ఊపిరితో పాటు మెల్లగా తీసి వదలమని తండ్రికి చెప్తూ, ఆయన మణికట్టు పట్టుకుంది. కాసేపటికి దవడ వదులైంది. నిద్ర పట్టబోతుందనుకుంటుండగా ఆయన వేళ్ళు ఆమె వేళ్ళను వెతుక్కున్నాయి. దట్టీ ఇంకా భుజం మీదే ఉంది.

"బయ్యం గూడా ఉండాది" అన్నాడు.