కడిగేసిన సముద్రం

ఆగ్నేయపు గాలి విసిరికొడుతున్న రోజున కోరో సముద్రం మీద ఒక్క తెల్ల నురుగైనా లేదంటే నేను చచ్చినా నమ్మను. మా దీవుల రాజధాని సువాలో, మా గాలింపు కార్యాలయం కంప్యూటర్ తెర మీద మాత్రం నీళ్లు ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉన్నాయి. పొద్దున విమానం తీసిన ఫోటోల్లో మసకా మచ్చలూ తుడిచి, కొత్త ప్రోగ్రాము చిటికెలో తేల్చేసింది. పడవ లేదు.

ఆ పడవలో ఉండాల్సినవాడు మా చెల్లెలు అలుమిత మొగుడు, అపిసాయి. మొన్న లెవుకా రేవు నుంచి చేపల వేటకని వెళ్లి తిరిగి రాలేదు.

ఇంత శుభ్రంగా వచ్చాక ఇంకా ఏం వెతుకుతావు లిటియా అని మా అధికారి ఎపెలి విసుక్కున్నాడు. ఆ శుభ్రమే నా అనుమానం. కడగని ఫోటో తీసి పక్కన పెట్టాను. దాన్నిండా నురుగు చుక్కలు. కొత్తది తొందరలో ప్రతి తెల్ల చుక్కనూ మచ్చ కింద జమకట్టి తుడిచేసింది. అపిసాయి పడవా తెల్లదే. ఎపెలి మొహం మాడిపోయింది.

పాత ప్రోగ్రాము నురుగునీ పడవనీ వేరు చేస్తుంది గానీ నత్తనడక. చీకటి పడేలోగా విమానం ఒక్కసారే వెళ్లగలదు. అప్పటికి ఒక్క వైపు ఫోటోలే పూర్తవుతాయి. మకోంగై దీవి వైపు చేపలున్నాయి. రెండో వైపు కోరో దీవిలో అపిసాయికి ఒకావిడ ఉందని ఊరంతా గుసగుసలు. నిప్పు లేనిదే పొగ రాదంటాను నేను. కానీ తప్పు వైపు చూస్తే మనిషి పోతాడు.

అలుమితకు ఫోన్ చేశాను. మకోంగైకే పోతున్నానని ఒట్టేసి మరీ చెప్పాడట. అంతలోనే గొంతు తగ్గించింది.

"అక్కా, చేపలకి పోయేవాడు చర్చి చొక్కా వేసుకుంటాడా?" అంది. "కోరో వైపే చూడు."

చూశాను. పొద్దు వాలేవేళకు ఒక్క చుక్క మాత్రం చెరగకుండా నిలిచింది. పెద్దది చేస్తే పడవ. విమానం అటు పరిగెత్తింది. ఇంజిన్ చెడి కొట్టుకుపోతున్నారు, చేతులూపుతున్నారు అని కబురొచ్చింది.

అలుమిత లెవుకా రేవులోనే ఉంది. బతికే ఉన్నాడని చెప్పగానే భోరున ఏడ్చింది. ఏడుపు ఆగాక అడిగింది.

"ఒక్కడేనా?"

దాచడం నాకు చేతకాదు. "ఇద్దరు."

 ఫోన్ పెట్టేయకుండానే, వాళ్లను తేవడానికి బయల్దేరుతున్న పడవవాళ్లతో అది అంటున్న మాట నా చెవిన పడింది.

"నీళ్లు ఇద్దరికీ సరిపడా పట్టుకెళ్లండి."