ఈ సిమ్మే

మా ఆవిడ పోయాక కూడా ఆమె నంబరు తీసేయలేదు. అభిమానంతో అనుకునేరు. మా అమ్మాయి ఆ నంబరుకే ఫోన్ చేస్తుంది. నా నంబరుకు చేయదు. తల్లిని ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళానంటుంది. నేను ఆలస్యం చేయలేదు. ఆ మాట అన్నందుకు నేనూ దానికి చేయను. ఆదివారం సాయంత్రం వంటింటి అలమరలో వాళ్ళమ్మ బటన్ల ఫోన్ మోగుతుంది. నేను ఎత్తుతాను. "తిన్నారా?" అంటుంది. నాన్నా అనదు. "తిన్నాను" అంటాను. అంతే మా మాటలు. అవీ లేకపోతే ఇంకేమీ లేవు.

ఈమధ్య ఆ ఫోన్ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. పాత సిమ్‌లు ఇక పనిచేయవు, మార్చుకోండని మెసేజ్ పెట్టారు. కొనుక్కున్నది వాళ్ళు, తిరగాల్సింది నేను. ఆదివారం పొద్దున్నే రెండు ఫోన్లూ జేబులో వేసుకుని వాళ్ళ దుకాణానికి వెళ్ళాను.

అద్దాల గది. ఏసీకి మోకాళ్ళు పట్టేశాయి. కౌంటరు దగ్గర అమ్మాయి మా ఆవిడ ఫోన్ వెనక మూత తీసి, సిమ్ నా అరచేతిలో పెట్టింది.

"ఈ సిమ్ చేసేయమంటారా అంకుల్, మామూలుదే ఇమ్మంటారా?"

"ఈ సిమ్మే. ఇదే ఉండాలి. వేరేది వద్దు."

"మంచిపని. ఇప్పుడందరూ ఈ సిమ్మే. కాకపోతే బటన్ల ఫోన్లో పట్టదు, మీ రెండోది ఇవ్వండి."

ఎందుకని అడగలేదు. అడిగితే మళ్ళీ అంకుల్ అంటుంది. వేలిముద్ర వేయమంటే వేశాను. ఏదో నొక్కింది, ఏదో తిరిగింది. తర్వాత నా చేతిలోని సిమ్ తీసుకుని చెత్తబుట్టలో పడేసింది.

"అదేంటమ్మా? ఈ సిమ్ ఉంచమన్నానుగా."

"ఉంచాను కదా."

"ఎక్కడ?"

"మీ ఫోన్లో."

"ఏదీ, చూపించు."

"ఈ సిమ్ కనిపించదు అంకుల్. దీనికి చిప్పు ఉండదు."

మా ఊరి బడిలో పంతులు బెత్తం పట్టుకుని నేర్పాడు. ఈ పలక అంటే చేతిలోది, ఆ పలక అంటే పక్కవాడిది. నాకు వచ్చిన చదువు అది. అదే చెప్పాను.

"ఇది ఇంగ్లీషు ఈ, అంకుల్."

"మరి తెలుగులో ఎందుకు అడిగావు?"

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, అదొక్కటే దాని మంచితనం. మళ్ళీ చిప్పు కావాలంటే రేపు రమ్మంది. రేపు సోమవారం. నేను వంగి బుట్టలోంచి సిమ్ ఏరుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి దాన్ని మళ్ళీ మా ఆవిడ ఫోన్లో వేశాను. ఫోన్ అలమరలో పెట్టి, ఎదురుగా స్టూలు వేసుకు కూర్చున్నాను. సాయంత్రమైంది. అది మోగలేదు.

జేబులోది మోగింది. మా అమ్మాయి పేరు కనిపించింది. పక్కన చిన్న గడిలో రెండు అని అంకె. రెండంటే ఎవరో నాకు తెలియదు.

"తిన్నారా?"

"నువ్వు ఏ నంబరుకు చేశావు?"

"అదేం ప్రశ్న? అమ్మ నంబరుకే."

"అమ్మ ఫోన్ నా ఎదురుగా ఉంది. మోగలేదు."

"మరి ఏది మోగింది?"

"నాది."

పెట్టేస్తుందనుకున్నాను.

"నేను మీకు చేయలేదు" అంది.

"చేశావని నేనూ అనలేదు. మోగింది, ఎత్తాను."

గాలి చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.

"అయితే అమ్మ నంబరు ఇప్పుడు ఎక్కడున్నట్టు నాన్నా?"

"ఈ సిమ్‌లో."

"ఏ సిమ్‌లో?" అంది.