నక్క గెలిచిందా, కోతి గెలిచిందా

నేను ఒక ఏడు నిమిషాల బొమ్మల సినిమా రీలును. ఏడు నిమిషాలన్నది పుట్టినప్పటి మాట. ఇప్పుడు ఐదు కూడా ఉండనేమో. మిగతా రెండు నిమిషాలు ఏమయ్యాయో తర్వాత చెబుతాను. అసలు ఏది ముందు చెప్పాలో ఏది తర్వాత చెప్పాలో నాకెప్పుడూ తేలదు. అందులో నా తప్పేమీ లేదు, నా బతుకే అలాంటిది. వెలుతురులో ముందుకు నడుస్తాను. ఆట అయ్యాక చీకట్లో, రివైండర్ మీద వెనక్కి నడుస్తాను. ముందుకు నడిచేటప్పుడు కోతి బావిలో పడుతుంది. వెనక్కి నడిచేటప్పుడు అదే కోతి బావిలోంచి ఎగిరొచ్చి బుద్ధిగా గట్టు మీద నిలబడుతుంది. జనం మొదటిది చూసి పడీపడీ నవ్వారు. రెండోది నేనొక్కదాన్నే చూశాను. ఇందులో ఏది నిజమంటే నేనేం చెప్పను?

నాలో ఉన్నవి రెండే ప్రాణులు, ఒక నక్క, ఒక కోతి. వాటి మధ్య ఒక పుచ్చకాయ. నాలో మాటల్లేవు, టింగుమనే చప్పుళ్లూ ధనాధన్ దెబ్బలూ తప్ప. కోతి బూరెల మూకుడుతో కొడితే నక్క మొహం మూకుడు ఆకారానికి తిరుగుతుంది. నక్క టపాకాయ వెలిగిస్తే అది దాని తోకకే అంటుకుంటుంది. బండరాయి కింద పడి అప్పడంలా పల్చబడ్డ కోతి, మూడు అంగలు వేసేసరికి మళ్లీ గుండ్రంగా లేచి పరిగెత్తుతుంది. ఇన్ని దెబ్బలు తిని కూడా అవి ఒకదాన్నొకటి వదిలి పోవు. పక్క చేలో ఇంకో పుచ్చకాయ ఉంటుందేమో చూసుకోవచ్చుగా! ఆ ఆలోచన వాటికి ఎందుకు రాదో నాకు అంతుపట్టలేదు.

ఎక్కడో చలిదేశంలో ఎవరో పదివేల పైచిలుకు బొమ్మలు చేత్తో గీశారట. వాళ్ల మొహాలు నేను చూడలేదు. నేను కాపీని, మద్రాసు ల్యాబులో పుట్టాను. రేకు డబ్బాలో పెట్టి రైలెక్కించారు. రైలు అంతకంటే ముందుకు పోని ఊరు రేపల్లె. అక్కడ దించారు. దించేటప్పుడు డబ్బా జారి ప్లాట్‌ఫారం మీద పడింది. ఆ కుదుపుకి నా లోపలి చుట్టు ఒకచోట చిట్లింది. ఈ కథంతా ఆ చిట్లిన చోటు నుంచే మొదలైంది.

రేపల్లెలో రత్తయ్య గారు కొత్తగా రత్నమహల్ అని సినిమా హాలు కట్టారు. జనం వచ్చి సర్దుకుని కూర్చునేదాకా, అసలు సినిమాకు ముందు వెయ్యడానికి నన్ను శాశ్వతంగా కొనేశారు. అక్కడ ఆపరేటర్లు ఇద్దరు, ఏసోబు, మీరావలి. ఇద్దరూ టూరింగ్ టాకీసులో ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఒకే క్యారేజీలో అన్నం తినేవాళ్లు. ఏసోబు నాలుగేళ్లు పెద్ద, ఏ మాటైనా నమిలి నమిలి గానీ బయటపెట్టడు. మీరావలి సన్నగా, చురుగ్గా, కాలు ఒకచోట నిలవని మనిషి.

ప్రారంభోత్సవం రోజు పొద్దున నన్ను మొదటిసారి బల్ల మీద పెట్టి తిప్పుతూ ఏసోబు నవ్వాడు.

"ఒరే వలీ, ఇందులో కోతివి అచ్చం నువ్వేరా."

"అయితే ఆ నక్కవి నువ్వే అన్నా. చూడు, చూపు కూడా నీదే."

అలా పంచుకున్నారు వాళ్లు నన్ను. ఆ తర్వాత ఏసోబు మిషన్ తుడవడానికి వెళ్లాడు. చిట్లిన చోటు మీరావలి వేళ్లకు తగిలింది. అక్కడ కత్తిరించి అతకాలి. ఈ పనికో పద్ధతి ఉంది. అంచు మీది పొరను బ్లేడుతో శుభ్రంగా గీకాలి, జిగురు రాయాలి, రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. కిందనేమో కొబ్బరికాయ కొడుతున్నారు, బ్యాండు మోగుతోంది. మీరావలి సగమే గీకాడు. ఏడు దాకా లెక్కపెట్టి కిందికి పరిగెత్తాడు. ఆ ఏడు అంకెలు నేను విన్నాను. మిగతా పదమూడు కోసం నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నానని ఒక్కోసారి అనిపిస్తుంది.

మ్యాట్నీకి హాలు నిండింది. ముందు వరసలో రత్తయ్య గారి చుట్టాలు, ఊరి పెద్దలు. మిషన్ దగ్గర ఏసోబు. కోతి నక్క వీపెక్కి ఊరేగింది, ఈలలు. నక్క కోతిని బావిలో పడేసింది, చప్పట్లు. కోతి బావిలోంచి బయటపడి చెట్టెక్కుతోంది. అప్పుడు ఆ అతుకు ఊడింది. నేను మిషన్లో ఇరుక్కున్నాను, దీపంగా మండే కార్బన్ కడ్డీల వేడికి నా ఒళ్లు కాలింది, తెర తెల్లబోయింది. హాలంతా అరుపులు. రత్తయ్య గారు చుట్టాలను వెంటేసుకుని పైకొచ్చి, మిషన్ దగ్గర ఎవరున్నారో చూసి, ఏసోబు చెంప ఛెళ్లుమనిపించారు.

"నా పరువు తీశావు గదరా సన్నాసీ! ఒక అతుకు సరిగ్గా వెయ్యటం చేతగాదా నీకు?"

మీరావలి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. ఏసోబు నన్ను మిషన్లోంచి బయటికి తీశాడు. కాలిన ముక్కను, దాన్నంటుకుని ఉన్న ఆ చెడ్డ అతుకును కత్తిరించి చొక్కా జేబులో వేసుకున్నాడు. మిగతా నన్ను శుభ్రంగా అతికి చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత అసలు సినిమా మొదలైంది. ఆ చెట్టు తర్వాత నాలో మిగిలిన అర నిమిషాన్ని ఆ రోజు ఎవరూ చూడలేదు.

పరువు పోయిందని రత్తయ్య గారు నన్ను డబ్బాలోనే ఉంచారు. కలిసొచ్చి ఊరి రెండో చివర ఇంకో హాలు కట్టాకే మళ్లీ బయటికి తీయించారు. ఏసోబు అడిగి మరీ అక్కడికి వెళ్లిపోయాడు. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. నేను మాత్రం ఒక్కదాన్నే గనక, ఒక వారం అక్కడ, ఒక వారం ఇక్కడ. గేటు దగ్గర టిక్కెట్లు చించే అంకమరావు ప్రతి గురువారం సాయంత్రం నన్ను సైకిల్ వెనక కట్టుకుని ఒక హాలు నుంచి ఇంకో హాలుకు చేర్చేవాడు.

నా చివర ఎర్రటి గుండ్రంలో ఏవో పరాయి అక్షరాలుంటాయి. ఊళ్లో అవి చదవగలిగినవాళ్లు లేరు గానీ, అవి కనిపిస్తే బొమ్మ అయిపోయిందని అందరికీ తెలుసు. మొదటి వారం ఏసోబు ఏం చేశాడంటే, ఆ ఎర్ర ముక్కను నా తోక నుంచి కత్తిరించి, కోతి బావిలో పడ్డచోట తెచ్చి అతికాడు. అంటే నక్క గెలిచింది, ఆట అయిపోయింది, దీపం ఆపెయ్. మరుసటి గురువారం నేను మీరావలి చేతికొచ్చాను. అతను తిప్పి చూశాడు. ఎర్ర ముక్కను అక్కణ్నుంచి పీకి, కోతి నక్క వీపెక్కినచోట అతికాడు. కోతి గెలిచింది, దీపం ఆపెయ్. అది మొదలు, వారం వారం ఇదే తంతు. ఒక్కో అతుకుకు ఒకటో రెండో బొమ్మలు పోతాయి. ఇరవై ఏడేళ్లు. నా రెండు నిమిషాలు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసిందిగా.

ఊరు రెండు పార్టీలైంది. ఇడ్లీ కొట్టు దగ్గర గొడవలు.

"నా కళ్లారా చూసొచ్చాను, కోతే గెలిచింది."

"నీ కళ్లు కాకులు పొడవ! నిన్ననేగా చూశా, కోతి బాయిలో పడి చచ్చింది!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రత్తయ్య గారు తీర్పు చెప్పొచ్చు గానీ, బొమ్మల సినిమా వచ్చేసరికి ఆయన కునుకు తీసేవారు. ఇక నన్నడిగితే నాకూ తెలియదు. నా లోపలి చుట్టు వెలుతురు చూసి ఎరగదు. అందులో ఏముందో, నా కథ ఎలా ముగుస్తుందో నేనే మర్చిపోయాను. తన కథ చివర తనకే తెలియకపోవడమంత గందరగోళం ఇంకోటి ఉండదు.

అయితే వేళ్ల సంగతి నాకు తెలుసు. నన్ను తిప్పుతూ తిప్పుతూ, బావి దాటి, చెట్టు దగ్గరికి వచ్చేసరికి మీరావలి వేలు ఆగిపోయేది. అక్కడ పాత అతుకు లేదు, ఏసోబు వేసిన మంచి అతుకు ఉంది. దాన్ని గోటితో తడిమి నిట్టూర్చేవాడు. అంకమరావు సైకిల్ స్టాండు తీస్తూ ప్రతిసారీ అడిగేవాడు.

"ఆయనకేమన్నా చెప్పమంటావా?"

మీరావలి నోరు తెరిచేవాడు. నా డబ్బా కట్టిన తాడును ఒకసారి లాగి చూసేవాడు.

"రీలు జాగర్త. కుదుపులు లేకుండా పట్టుకెళ్లు."

నాకు కోపం వచ్చేది. ఒక్క మాట, ఆ జాయింటు నాది అనే ఒక్క మాట. దానికి ఇరవై ఏడేళ్లా? ఆ మాట బయటపడకపోతే ఏసోబు చెంప మంట చల్లారదు. అది బయటపడేదాకా మీరావలి కంటికి కునుకూ రాదు. ఇంత తేలిక సంగతి రీలునైన నాకు తెలుసు, మనుషులైన వాళ్లకు తెలియదా?

కాలం మారింది. రీళ్లు అక్కర్లేని సినిమాలొచ్చాయి. రత్తయ్య గారు పోయారు. ఆయన వారసులు ముందు రెండో హాలు మూశారు. అక్కడి సామానంతా రత్నమహల్‌కు చేర్చారు, నాతో సహా. మర్నాడు పాత ఇనుము వాళ్లొచ్చి ఇక్కడి మిషన్ కూడా విప్పుతారు, రీళ్లన్నీ తూకానికి పోతాయని చెప్పారు. మీరావలి అప్పటికి చూపు బాగా మందగించిన మనిషి. ఏళ్ల తరబడి కార్బన్ వెలుగు చూసి చూసి కళ్ల మీద పొర కమ్మింది. నా డబ్బా మూతను చేత్తో తడిమి గుర్తుపట్టాడు.  అంకమరావు అలవాటు కొద్దీ అడిగాడు.

"ఏమన్నా చెప్పమంటావా?"

"చెప్పు. రేపు ఇనుమోళ్లు రాకముందే ఒకసారి రమ్మని చెప్పు."

అంకమరావు సైకిల్ ఆ రోజు వెళ్లినంత వేగంగా ఎప్పుడూ వెళ్లలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఏసోబు మెట్లెక్కి వచ్చాడు. వస్తూనే నా డబ్బా మూత తీశాడు. ఇద్దరూ మొహాలు చూసుకోలేదు. నన్నే చూశారు.

"అన్నా," అన్నాడు మీరావలి. నా అంచును వేలితో తడిమాడు. మళ్లీ అన్నాడు. "అన్నా, ఆ రోజు ఊడిన జాయింటు నాదే."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

ఏసోబు జేబులోంచి చిన్న డబ్బా తీసి, కాలిన ముక్కను మీరావలి అరచేతిలో పెట్టాడు. "అంచులు గుండ్రంగా కత్తిరించేది నువ్వు. నేను తిన్నగా కోస్తా. చెంప మీద పడేలోపే నీదని తెలిసిపోయింది."

"మరి రత్తయ్య గారి ముందే చెప్పొచ్చుగా!"

"నేనెందుకు చెప్పాలిరా? నువ్వు చెబుతావేమోనని చూశా. ఆ రోజు చూశా, ఆ వారం చూశా. తర్వాత అలవాటైపోయింది."

మీరావలి ఏడ్చాడు. నాకేమీ అర్థం కాలేదు. తెలిసినవాడు తెలిసీ అడగలేదు, చెప్పాల్సినవాడు వారం వారం నన్ను కత్తిరించాడే గానీ చెప్పలేదు. నాలోని నక్కా కోతీ ఇంతకంటే నయం, మూకుడుతో కొట్టుకుని అక్కడికక్కడే తేల్చుకుంటాయి.

"బ్లేడు ఇటివ్వు," అన్నాడు మీరావలి కళ్లు తుడుచుకుని. "దీని తోక దీనికి పెడదాం. జాయింటు నేనే వేస్తా."

"నీకు కనపడదు గదరా!"

"వేళ్లకు కనపడుద్ది. ఊడిందో, ఈసారి చెంప నాది."

బావి దగ్గరున్న ఎర్ర ముక్కను తీశాడు. అక్కడ అతుకు వేశాడు. నా లోపలి చుట్టును విప్పి, అసలు చివర వెతికి, అక్కడ ఎర్ర ముక్క పెట్టాడు. పొరను గీకాడు, జిగురు రాశాడు, నొక్కి పట్టుకున్నాడు. పైకే లెక్కపెట్టాడు. ఏడు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎనిమిది, తొమ్మిది, పది. ఇరవై దాకా.

ఏసోబు నన్ను మిషన్లో పెట్టాడు. కింద సుత్తులతో వచ్చిన ఇనుము వాళ్లు నలుగురు, అంకమరావు, ఇంతే ప్రేక్షకులు. కోతి నక్క వీపెక్కింది. నక్క కోతిని బావిలో పడేసింది. బావి అతుకు వచ్చింది. నా ఒళ్లు బిగుసుకుంది. టక్ మని చిన్న చప్పుడు చేసి దాటిపోయింది. చెట్టు. ఏసోబు అతుకూ దాటింది. మొదటిసారి నా లోపలి చుట్టు మీద వెలుతురు పడింది.

చెట్టెక్కిన కోతి చేతిలోంచి పుచ్చకాయ జారి పడి సగానికి పగిలింది. నక్క ఒక సగం, కోతి ఒక సగం తీసుకున్నాయి. పక్కపక్కనే కూర్చున్నాయి. తిన్నాయి. ఇంతకాలం దీనికోసమా అన్నట్టు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఇంతలో కోతి గింజ ఊసింది. అది పోయి నక్క కంట్లో పడింది. నక్క తొక్క తీసి కోతి నెత్తిన బోర్లించింది. మళ్లీ పరుగు, కొండ అవతలిదాకా. ఎర్ర ముక్క వచ్చింది. అతుకు ఊడలేదు.

ఇనుము వాళ్లు సుత్తులు నేలకేసి కొట్టి చప్పట్ల బదులు మోత మోగించారు. పైన మిషన్ ఆగింది. ఏసోబు ఏం కనబడిందో మీరావలికి పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పి, చివర్లో అన్నాడు.

"అదిరా. ఆఖరికి తొక్క బోర్లించింది నక్కే. గెలుపు నక్కదే."

"నీ మొహం! ముందు గింజ ఊసిందెవరు?"

అరగంట పోట్లాడుకున్నారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఏసోబు మీరావలి చెయ్యి పట్టుకునే దించాడు.

నన్ను తూకానికి వెయ్యనివ్వలేదు. మిషన్ పోయింది, హాలు పోయింది. నేనిప్పుడు ఒక వారం ఏసోబు ఇంటి అటక మీద, ఒక వారం మీరావలి మంచం కింద. అంకమరావు ముసలివాడయ్యాడు గానీ గురువారం తప్పడు. నన్ను ఆడించే యంత్రం ఈ ఊళ్లో లేదు, చూసేవాళ్లూ లేరు. అయినా నిన్న మీరావలి మూత తీసి, వేళ్లతో తడిమి, నా తోక కత్తిరించి కోతి నక్క వీపెక్కినచోట అతికాడు. నెమ్మదిగా ఇరవై దాకా లెక్కపెట్టాడు. వచ్చే గురువారం ఏసోబు దాన్ని బావి దగ్గరికి మారుస్తాడు. వీళ్లది పగో స్నేహమో నాకు ఇప్పటికీ తెలియలేదు. అతుకులు మాత్రం ఒక్కటీ ఊడటం లేదు.