వాగుకి అటూ ఇటూ

డెమింగ్ నుంచి లాస్ కూచాస్ దాకా నున్నటి తారు రోడ్డు ఉంది. పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి చేరిపోవచ్చు. ఎలోయిసా మాత్రం ఆ రోడ్డు ఎప్పుడూ ఎక్కలేదు. పెళ్ళయిన కొత్తలో భర్త అమదేయో ఆమెని లాస్ కూచాస్‌లో ఉండే తన తల్లి దగ్గరికి కంకర బాటల మీదుగా తీసుకెళ్ళాడు. అతను పోయాక కూడా ఏటా వానాకాలంలో ఒక్కతే బండి నడుపుకుంటూ అదే దారిన వెళ్ళొచ్చేది. ఎర్రటి గుట్టలు, వాటి వెనక నీలంగా లేచే కొండలు, మనిషి అలికిడి లేని మైదానాలు. ఆ దారంటే ఆమెకి ప్రాణం.

ఈ ఏడు మాత్రం ఒంటరిగా రాలేదు. బండి రోమ్యులో నడుపుతున్నాడు. డెమింగ్‌లో అతనికి బూట్లు బాగుచేసే దుకాణం ఉంది. భార్య పోయి చాలా కాలమైంది. నిదానస్తుడు. వెనక సీట్లో, అత్తగారి కోసం కాల్పించి తెచ్చిన పచ్చిమిరపకాయల సంచీ ఉంది. ఆ ఘాటుకి ఇద్దరికీ కళ్ళు చెమరుస్తున్నాయి.

"ఎడమకి తిప్పు," అంది ఎలోయిసా.

"అది చుట్టు కదా?"

"చుట్టే. అక్కడ రాళ్ళు బావుంటాయి. చూద్దువుగాని."

"పొద్దున్నుంచీ రాళ్ళే చూపిస్తున్నావు. బావున్నాయి, కాదనను. కానీ ఈ తిప్పటం రాళ్ళ కోసం కాదు."

ఎలోయిసా కిటికీలోంచి బయటికి చూసింది. అత్తగారు ఫిదేలియాకి ఎనభై దాటాయి. అమదేయో ఒక్కడే కొడుకు. అతను పోయాక ఆవిడకి మిగిలింది ఈ కోడలే. ప్రతి ఆదివారం ఫోన్‌లో కోళ్ళ సంగతి, మోకాళ్ళ సంగతి, పక్కింటావిడ మీద చాడీలు అన్నీ చెప్పుకునేది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నానని ఆవిడకి చెప్పాలని ఎలోయిసా ప్రతి ఆదివారం అనుకుంది. ప్రతి ఆదివారం కోళ్ళ సంగతి విని ఫోన్ పెట్టేసింది. ఎదురుగా కూచుని, చెయ్యి పట్టుకుని చెబుదామని ఇప్పుడు వెళ్తోంది. ఎలా మొదలుపెట్టాలో దారంతా మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం దాటేసరికి కొండల మీద నల్లగా మబ్బు కమ్ముకుంది. ఇక్కడ ఒక్క చుక్క పడలేదు. గాలిలో మాత్రం తడిసిన పొదల చేదు వాసన వచ్చింది. దిబ్బ దిగేసరికి ఎప్పుడూ ఇసుక తప్ప ఏమీ ఉండని వాగు, కొమ్మల్నీ దుంగల్నీ దొర్లించుకుంటూ ఎర్రగా పారుతోంది. రోమ్యులో బండి ఆపేశాడు.

అవతలి ఒడ్డున ఓ పాత ఆకుపచ్చ బండి నిలబడి ఉంది. దాని ముందు గడ్డి టోపీ పెట్టుకుని ఓ చిన్న మనిషి.

"అత్తయ్య," అంది ఎలోయిసా.

ఇద్దరూ దిగి నీళ్ళ అంచు దాకా వెళ్ళారు.

"అత్తయ్యా, మీరెందుకొచ్చారు?" ఎలోయిసా అరిచింది.

"కొండ మీద మబ్బు చూశా. వాగొస్తుందని తెలుసు. నువ్వు ఈ దిక్కుమాలిన దారినే తగలడతావనీ తెలుసు. దాటబోతావేమో, ఆపుదామని వచ్చా." ఆవిడ గొంతు వయసుకి మించి గట్టిది. "ఆ పొడుగాయన ఎవరు?"

"రోమ్యులో!"

"ఎవరూ?"

"రోమ్యులో! మా వీధే!"

"బండి చెడిపోయిందా? మెకానిక్కా?"

"పోనీ మెకానిక్‌నని చెప్పెయ్," అన్నాడు రోమ్యులో మెల్లిగా.

నీళ్ళ హోరు మాటల్ని మింగేస్తోంది. ఎలోయిసా కూర్చుకున్న మెత్తని వాక్యాలు ఒక్కటీ అక్కడ పనికిరావు. అరవగలిగినవి పొట్టి మాటలే. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెళ్ళి చేసుకుంటున్నా!"

"ఏంటీ?"

"పెళ్ళి! నేను! ఇతన్ని!"

ఫిదేలియా కదలకుండా నిలబడింది. టోపీ నీడలో మొహం కనపడలేదు. కాసేపటికి వెనక్కి తిరిగి బండెక్కింది. బండి తిప్పుకుని దిబ్బ ఎక్కి అవతలికి వెళ్ళిపోయింది. దుమ్ము చాలాసేపు గాలిలో నిలిచింది.

"వెనక్కి పోదామా?" అన్నాడు రోమ్యులో.

"ఉండు. వాగు తగ్గనీ."

రొట్టెల్లో రెండేసి మిరపకాయలు చుట్టుకుని తిన్నారు. పొద్దు వాలే వేళకి నీళ్ళు పాయలుగా విడిపోయి, మధ్యలో ఇసుక తేలింది. రోమ్యులో బూట్లు విప్పి, కర్రతో పొడుచుకుంటూ అవతలి దాకా నడిచి చూసొచ్చాడు. తర్వాత బండి దాటించాడు.

దిబ్బకి అవతలే, ఓ పొట్టి చెట్టు నీడన ఆకుపచ్చ బండి ఆగి ఉంది. తలుపు తీసుంది. ఫిదేలియా కాళ్ళు బయటికి వేలాడేసి కూచుంది. చేతిలో జేబురుమాలు.

"అప్పుడే దాటేశారా?" అంది. "మీరొచ్చేలోపు ఏడుపు ముగించుకుందామనుకున్నా. ఈ వాగుకి కూడా నేనంటే లెక్కలేదు."

ఎలోయిసా వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. "కోపమొచ్చిందా?"

"కోపం కాదే పిల్లా. నువ్వు ఒక్కదానివే వస్తూ పోతూ ఉంటే, వాడెక్కడో ఊరెళ్ళాడన్నట్టు ఉండేది. ఇవాళ నిజంగా పోయినట్టయింది."

"నాకూ అలానే ఉండేది అత్తయ్యా," అంది ఎలోయిసా. ఫిదేలియా జేబురుమాలు ఆమెకిచ్చింది.

రోమ్యులో దూరంగా, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన్ని అక్కడ ఎండుకొయ్యలా నిలబెట్టావేం? పిలువు." అతను దగ్గరికొచ్చాక ఎగాదిగా చూసింది. "నాకు కళ్ళు మసకలేశాయి. ఈ బండి నడపగలవా?"

"నడుపుతానండీ."

"గేరు మొరాయిస్తుంది. తిడితే గానీ పడదు."

"గట్టిగా తిట్టాలా అండీ?"

"మా ఆయన గట్టిగానే తిట్టేవాడు."

ఎలోయిసా తమ బండిలో వెనకాలే వెళ్ళింది. ముందు బండి అద్దంలోంచి రెండు తలలు కనపడుతున్నాయి. మాటిమాటికీ ఫిదేలియా చెయ్యి లేస్తోంది, ఓ గుట్ట వైపో బండ వైపో చూపిస్తోంది. చూపించిన చోటల్లా రోమ్యులో నెమ్మదిస్తున్నాడు. ఒకచోట బండి పూర్తిగా ఆగి, మళ్ళీ కదిలింది.

ఇల్లు చేరి సంచీ దింపుతుంటే ఎలోయిసా అతన్ని పక్కకి లాగింది. "ఏమంది?"

"వాళ్ళబ్బాయి కబుర్లు. ఏ మలుపులో గుర్రం మీంచి పడ్డాడో, ఏ బండ చాటున సిగరెట్ కాలుస్తూ దొరికిపోయాడో. నీకివన్నీ తెలుసా?"

"సిగరెట్ సంగతి తెలీదు," అంది ఎలోయిసా. నవ్వొచ్చింది.

అన్నాలు తినేటప్పుడు, మిమ్మల్ని ఏమని పిలవమంటారని రోమ్యులో ఆవిడని అడిగాడు. ఫిదేలియా చిక్కుళ్ళ గిన్నె అతని వైపు జరిపింది.

"కోడలి మొగుడు ఏ వరస అవుతాడో మా అమ్మ నాకు చెప్పలేదు. ప్రస్తుతానికి ఫిదేలియా గారూ అను. అల్లుడా అనటానికి నాకు కొంచెం టైం పడుతుంది. తొందరేం లేదుగా?"

"లేదండీ."

పెళ్ళి అక్టోబర్‌లో జరిగింది. రెండు రోజుల ముందే ఆవిడని తీసుకురావటానికి రోమ్యులో ఒక్కడే వెళ్ళాడు. పెళ్ళి ముందు రోజు మధ్యాహ్నానికి రావలసినవాళ్ళు రాలేదు. సాయంత్రమైంది. వచ్చిన చుట్టాలంతా అడుగుతుంటే ఎలోయిసా వీధిలోకీ ఇంట్లోకీ తిరిగింది. చివరికి బండి వచ్చి ఆగింది. ఇద్దరూ నెత్తి నుంచి పాదం దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నారు.

"తారు రోడ్డున రమ్మన్నానా లేదా?" అంది ఎలోయిసా.

"ఇతను తారు రోడ్డే అన్నాడు," అంది ఫిదేలియా, అతని చెయ్యి పట్టుకుని దిగుతూ. "నేనే తిప్పించాను."